ఋణశేషం

ఉద్దేశం

శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి గ్రహించడం, గ్రహించిన దానిని తెలుగులోనే తిరిగి చెప్పగలగడం ఈ పాఠం ఉద్దేశం. అయానిక సమ్మేళనాల ఫార్ములాలను ఏ నియమం ప్రకారం రాస్తారో, ఆ నియమానికి నల్లగొండ ప్రాంతపు ఫ్లోరైడ్ సమస్యతో గల సంబంధమేమిటో ఈ వ్యాసం తెలుపుతుంది. రసాయన సంకేతాలను వాటి ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలోనే ఇచ్చాం. సైన్సు గ్రూపు విద్యార్థులకు ఇందులో కొంత తెలిసిన విషయమే. తక్కినవారు కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకొని చదవడం మంచిది.

పాఠం

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పాత బోరుబావుల నీటిని గాజు గ్లాసులో పోసి చూస్తే దోషమేమీ కనిపించేది కాదు. రంగు లేదు, వాసన లేదు, అడుగున మడ్డి లేదు. ఆ నీటినే ఏళ్ల తరబడి తాగినవారి శరీరాలు మాత్రం దాని గుణాన్ని బయటపెట్టాయి. పిల్లల పళ్లపై మొదట సుద్దరంగు చారలు, తరువాత గోధుమరంగు మరకలు ఏర్పడ్డాయి. పెద్దవారిలో కీళ్లు బిగుసుకుపోయాయి. మెడ తిప్పడానికి మనిషి మొత్తం తిరగవలసి వచ్చింది. వంగిన వెన్ను మళ్లీ నిటారు కాలేదు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో 1937లోనే వైద్య పరిశోధకులు ఈ వ్యాధిని గుర్తించారు. నల్లగొండ జిల్లాలో దాని తీవ్రతను వివరిస్తూ సిద్ధిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించాడు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానినొకటి ఒరుసుకునే వైకల్యాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లోకానికి తెలియజేశారు.

ఇంత అనర్థానికి కారణం లీటరు నీటిలో కరిగి ఉన్న కొద్ది మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించితే ప్రమాదం మొదలవుతుంది.

కంటికి కనిపించని ఈ పదార్థం రాయి నుండి నీటిలోకి ఎందుకు దిగింది? నీటి నుండి ఎముకలోకి ఎలా చేరింది? దానిని నీటిలో నుండి తొలగించడం ఎలా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతుక్కుంటూ పోతే మనం చేరే చోటు ఒక్కటే. హైస్కూలులో చాలామంది అర్థం కాకుండానే బట్టీ పట్టి, పరీక్ష ముగియగానే మరచిపోయే పని అది: అయానిక సమ్మేళనాలకు ఫార్ములాలు రాయడం.

ముందు మాటల సంగతి చూద్దాం. విద్యుదావేశాలు రెండు రకాలు. వాటికి మన భాషలో పేర్లు ధనం, ఋణం. ఇవి పద్దుపుస్తకపు మాటలు. ధనం అంటే సొమ్ము, ఋణం అంటే అప్పు. ఈ పేర్లు నిన్న మొన్న పుట్టినవి కావు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సున్నకు పైనున్న సంఖ్యలకు ధనమని, కిందనున్న వాటికి ఋణమని పేర్లు వాడి, వాటి కూడికకు, గుణకారానికి నియమాలు చెప్పాడు. ఆ గణిత సంప్రదాయమే తరువాత విద్యుత్తుకు, రసాయన శాస్త్రానికి కూడా పరిభాషగా అక్కరకు వచ్చింది. తెలుగులో చదువుకొనే విద్యార్థికి ఇది ఒక వరమని నా అభిప్రాయం. ఎందుకంటే ఫార్ములా రాయడమంటే అప్పు, సొమ్ము సరిచూసి పద్దు మూయడమే. ఆ సంగతి మన మాటలోనే ఉంది.

పరమాణువులో ధనావేశం గల కేంద్రకం, దాని చుట్టూ ఋణావేశం గల ఎలక్ట్రాన్లు ఉంటాయి. రెండూ సమానం కనుక పరమాణువుకు ఆవేశం ఉండదు. సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్లలో ఒకదానిని సులభంగా వదులుకుంటుంది. ఇక్కడ విద్యార్థులు తరచుగా తికమక పడతారు. ఒకటి పోగొట్టుకున్నది ఋణం కావాలి గదా, ధనం ఎలా అయిందని అడుగుతారు. పోయినది ఏమిటో చూడాలి. ఎలక్ట్రాన్ అంటేనే అప్పు. తన మీది అప్పును మరొకరి నెత్తిన పెట్టినవాడి దగ్గర సొమ్మే మిగులుతుంది. అందుకే ఎలక్ట్రాన్‌ను వదిలిన సోడియం ఒక ధనావేశం గల అయాన్ అవుతుంది. దానిని పుచ్చుకున్న క్లోరిన్ ఒక ఋణావేశం గల క్లోరైడ్ అయాన్ అవుతుంది.

అయాన్ అనే పేరును 1834లో మైకేల్ ఫారడే వ్యాప్తిలోకి తెచ్చాడు. అది గ్రీకు మాట. దానికి పోయేది, సాగేది అని అర్థం. ద్రావణంలోకి విద్యుత్తును పంపినప్పుడు ఒక వైపునకు కొన్ని, మరొక వైపునకు కొన్ని సాగిపోవడాన్ని చూసి ఆ పేరు పెట్టాడు. విద్యుత్తు పంపకపోయినా నీటిలో కరిగిన ఉప్పు అయాన్లుగా విడిపోయే ఉంటుందని చెప్పినవాడు స్వీడన్ దేశస్థుడైన స్వాంటె అర్హీనియస్. 1884లో ఆయన ఈ దిశగా సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకులు అంతగా మెచ్చలేదు. దానికి చాలా తక్కువ శ్రేణి ఇచ్చారు. ఆ భావానికే 1903లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఇక నియమం. అగ్నిశేషం, ఋణశేషం, శత్రుశేషం మిగల్చకూడదని మన పెద్దలు చెబుతూ ఉంటారు. అయానిక సమ్మేళనం ఈ మూడింటిలో రెండవదానిని తప్పక పాటిస్తుంది. అందులోని ధనావేశాల మొత్తం, ఋణావేశాల మొత్తం సరిసమానంగా ఉండాలి. ఒక వైపున ఒక్క ఆవేశం మిగిలినా ఆ పద్దు తప్పు, ఆ ఫార్ములా తప్పు.

సోడియంకు ఒక ధనం, క్లోరైడ్‌కు ఒక ఋణం. ఒకటికి ఒకటి సరి. వంట ఉప్పు ఫార్ములా ఎన్‌ఎసిఎల్. సోడియంకు ఎన్‌ఎ అనే సంకేతం దాని లాటిన్ పేరు నేట్రియం నుండి వచ్చింది. అక్షరాలను సంకేతాలుగా వాడే ఈ పద్ధతిని 1813, 1814 సంవత్సరాలలో బెర్జీలియస్ ప్రవేశపెట్టాడు.

కాల్షియంకు రెండు ధనాలు, ఫ్లోరైడ్‌కు ఒక ఋణం. ఒక కాల్షియం ఎదుట ఒకే ఫ్లోరైడ్‌ను నిలిపితే ఒక ధనం మిగిలిపోతుంది. కాబట్టి రెండు ఫ్లోరైడ్‌లు కావాలి. కాల్షియం ఫ్లోరైడ్ ఫార్ములా సిఎఎఫ్₂. సంకేతం పాదం దగ్గర చిన్నగా రాసిన రెండు, తనకు ముందున్న ఎఫ్‌కు మాత్రమే చెందుతుంది. ఒకటి అనే అంకెను రాయరు.

అల్యూమినియంకు మూడు ధనాలు, ఆక్సైడ్‌కు రెండు ఋణాలు. మూడును రెండు తీర్చలేదు, రెండును మూడు తీర్చలేదు. రెండూ ఆరు దగ్గర కలుస్తాయి. రెండు అల్యూమినియంలకు ఆరు ధనాలు, మూడు ఆక్సైడ్‌లకు ఆరు ఋణాలు. ఫార్ములా ఎఎల్₂ఓ₃. క్షవరానికి, స్నానానికి మన ఇళ్లకు వచ్చిన అన్ని వస్తువుల ఫార్ములాలు ఇంత తేలికగా ఉండవు గాని, లెక్క పద్ధతి మాత్రం ఇదే.

ఇక్కడ ఒక అడ్డదారి ఉంది. ఒక అయాన్ ఆవేశపు అంకెను రెండవదాని పాదం దగ్గరికి, రెండవదాని అంకెను మొదటిదాని పాదం దగ్గరికి దించమంటారు. అల్యూమినియం ఆక్సైడ్ విషయంలో ఇది సరిగ్గా కుదురుతుంది. అయితే ఎందుకు కుదిరిందో తెలియనివాడు మెగ్నీషియం ఆక్సైడ్ దగ్గర బోల్తా పడతాడు. నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో అలాగే పడ్డాను. మెగ్నీషియంకు రెండు ధనాలు, ఆక్సైడ్‌కు రెండు ఋణాలు. అంకెలను అటూ ఇటూ మార్చి ఎంజి₂ఓ₂ అని రాశాను. మా అధ్యాపకుడు దానిని కొట్టివేయలేదు. "నాలుగు రూపాయల అప్పును నాలుగు రూపాయలతో తీర్చావు. నిజానికి ఉన్న అప్పు రెండు రూపాయలే గదా" అన్నారు. పద్దు సరిపోవడం ఒక్కటే చాలదు. అతి చిన్న పూర్ణాంకాలలో సరిపోవాలి. కనుక అది ఎంజిఓ.

కొన్ని అయాన్లు ఒంటరివి కావు. ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్‌లు కలిసి రెండు ఋణాలతో ఒకే గుంపుగా తిరుగుతాయి. అది సల్ఫేట్, ఎస్‌ఓ₄. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసి ఒక ఋణంతో ఉండేది హైడ్రాక్సైడ్, ఓహెచ్. ఒక భాస్వరం, నాలుగు ఆక్సిజన్‌లు కలిసి మూడు ఋణాలతో ఉండేది ఫాస్ఫేట్, పిఓ₄. ఇవి మన సమాసాల వంటివి. రెండు మూడు పదాలు సమాసమైన తరువాత విభక్తి చివరి పదానికి తగిలినా అర్థం సమాసం మొత్తానికి వర్తిస్తుంది. రామలక్ష్మణులకు అన్నప్పుడు కు ప్రత్యయం లక్ష్మణుడికి మాత్రమే చెందదు. రసాయన శాస్త్రంలో ఈ పనిని కుండలీకరణం చేస్తుంది. సున్నం నీటిలోని కాల్షియం హైడ్రాక్సైడ్‌ను సిఎ(ఓహెచ్)₂ అని రాయాలి. కుండలీకరణం లేకుండా సిఎఓహెచ్₂ అని రాస్తే ఆ రెండు హైడ్రోజన్‌కు మాత్రమే దక్కుతుంది, ఆక్సిజన్ ఒకటే మిగులుతుంది. అటువంటి పదార్థం సున్నపు బట్టీలో దొరకదు.

అల్యూమినియం సల్ఫేట్ రాయగలిగితే ఈ విద్య దాదాపు వచ్చినట్లే. మూడు ధనాలు, రెండు ఋణాలు, ఆరు దగ్గర కలయిక. ఎఎల్₂(ఎస్‌ఓ₄)₃. నీటి శుద్ధి కేంద్రాలలో వాడే పటిక ఇదే. మంగలి అంగడిలో కనిపించే తెల్లని పటికబిళ్ల వేరు. అందులో ఒక పొటాషియం, ఒక అల్యూమినియం, రెండు సల్ఫేట్‌లు, వాటితోపాటు పన్నెండు నీటి అణువులు ఉంటాయి. ఒకటీ మూడూ నాలుగు ధనాలు, రెండు రెళ్లు నాలుగు ఋణాలు. నీటికి ఆవేశం లేదు కనుక అది పద్దులోకి రాదు.

కొన్ని లోహాలకు రెండు రకాల ఆవేశాలున్నాయి. ఇనుము రెండు ధనాలతో ఉంటే ఫెర్రస్, మూడు ధనాలతో ఉంటే ఫెర్రిక్. రక్తహీనతకు ఇచ్చే మాత్రలలో సాధారణంగా ఉండేది ఫెర్రస్ సల్ఫేట్, ఎఫ్‌ఇఎస్‌ఓ₄. ఫెర్రిక్ సల్ఫేట్ ఎఫ్‌ఇ₂(ఎస్‌ఓ₄)₃. పేరులో ఒక అక్షరం మారితే అప్పు లెక్క మారుతుంది.

ఫార్ములా అంటే ఒక్కొక్క అణువు చిత్రమని చాలాకాలం పండితులు కూడా భావించారు. ఒక సోడియం, ఒక క్లోరిన్ చేయి చేయి పట్టుకొని జంటగా ఉంటాయని వారి ఊహ. 1913లో బ్రాగ్ అనే ఇంటిపేరు గల తండ్రీకొడుకులు ఎక్స్ కిరణాల సాయంతో స్ఫటికాల నిర్మాణాన్ని పరిశీలించినప్పుడు ఉప్పు గల్లులో జంటలే లేవని తేలింది. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు చదరంగపు బల్ల మీది గళ్లవలె అన్ని దిక్కులా పరచుకొని ఉన్నాయి. వీరిద్దరికీ 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వృద్ధ రసాయన శాస్త్రవేత్తకు ఆ చదరంగం మింగుడు పడలేదు. 1927లో కూడా ఆయన నేచర్ పత్రికలో దానిని ఎద్దేవా చేస్తూ రాశాడు. ఆయన తడబాటు మనకు ఉపయోగపడుతుంది. అయానిక సమ్మేళనపు ఫార్ములా ఒక నిష్పత్తి మాత్రమే. సిఎఎఫ్₂ అంటే స్ఫటికంలో ఎక్కడ చూసినా కాల్షియంలకు రెట్టింపు ఫ్లోరైడ్‌లు ఉంటాయని అర్థం. ఎవరి పక్కన ఎవరు నిలిచారన్నది ఫార్ములా చెప్పదు.

ఇప్పుడు నల్లగొండ రాళ్ల దగ్గరికి వద్దాం. ఆ ప్రాంతపు గ్రానైట్ శిలలలో ఫ్లోరైట్ అనే ఖనిజం ఉంది. ఫ్లోరైట్ అంటే కాల్షియం ఫ్లోరైడే. అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. స్వచ్ఛమైన నీటిలో లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు మాత్రమే. కాల్షియం భారం 40, ఫ్లోరిన్ భారం 19. రెండు ఫ్లోరైడ్‌లకు 38. మొత్తం 78లో 38 వంతులు ఫ్లోరైడ్. ఆ లెక్కన 16 మిల్లీగ్రాములలో దాదాపు 8 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్ అవుతుంది. రాయి కరగదని మనం అనుకొనే స్థాయిలోనే, తాగదగిన పరిమితికి అయిదు రెట్లకు పైగా విషం నీటిలో చేరగలదు. పాదం దగ్గరి రెండును మరచి సిఎఎఫ్ అని రాసుకొన్నవాడికి 59లో 19 వంతులే వస్తాయి. అంటే అయిదు మిల్లీగ్రాములకు కొంచెం ఎక్కువ. రెండున్నర మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ అతని లెక్కలో మాయమవుతుంది. తాగేవాడి గ్లాసులో మాత్రం మాయం కాదు.

ఆ రెండు చేసే పని ఇంతటితో ఆగదు. కాల్షియం ఫ్లోరైడ్ ఇక కరగలేని స్థితికి నీరు చేరినప్పుడు, నీటిలోని కాల్షియం గాఢతను ఫ్లోరైడ్ గాఢతతో ఒకసారి, ఆ వచ్చిన దానిని ఫ్లోరైడ్ గాఢతతోనే మరొకసారి గుణించగా వచ్చే లబ్ధం ఒక నిర్ణీత విలువను దాటదు. రెండుసార్లు ఎందుకంటే ఫార్ములాలో ఫ్లోరైడ్ రెండుసార్లు ఉంది గనుక. నీటిలో కాల్షియం నాలుగో వంతుకు తగ్గితే ఫ్లోరైడ్ రెట్టింపు కావడానికి చోటు దొరుకుతుంది. నీటిలో బైకార్బొనేట్‌లు ఎక్కువైన చోట జరిగేది ఇదే. కాల్షియం సున్నపురాయిగా మారి నేలలోనే గడ్డకడుతుంది, నీటిలో కాల్షియం తగ్గుతుంది, ఆ ఖాళీలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. పప్పు ఉడకని గట్టినీటి కంటే, సబ్బు బాగా నురగ వచ్చే మెత్తని బోరునీరు కొన్నిచోట్ల ఎక్కువ ప్రమాదకరం కావడంలోని రహస్యం ఇది.

రెండవ ప్రశ్న ఎముక. మన ఎముకలకు, పళ్లకు గట్టిదనాన్నిచ్చే ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. శరీరంలో అది పూర్తిగా శుద్ధరూపంలో ఉండదు. స్థూలంగా దాని ఫార్ములా సిఎ₁₀(పిఓ₄)₆(ఓహెచ్)₂. చూడడానికి భయం గొలిపే ఈ ఫార్ములాను మనం నేర్చుకొన్న పద్దుతోనే సరిచూడవచ్చు. పది కాల్షియంలకు ఇరవై ధనాలు. ఆరు ఫాస్ఫేట్‌లకు పద్దెనిమిది ఋణాలు, రెండు హైడ్రాక్సైడ్‌లకు రెండు ఋణాలు, వెరసి ఇరవై. ఋణశేషం లేదు.

ఇప్పుడు చివరి రెండు హైడ్రాక్సైడ్‌లను తీసివేసి, వాటి స్థానంలో రెండు ఫ్లోరైడ్‌లను ఉంచండి. సిఎ₁₀(పిఓ₄)₆ఎఫ్₂. మళ్లీ లెక్క చూడండి. ఇరవై ధనాలు, ఇరవై ఋణాలు. ఏ తేడా లేదు. హైడ్రాక్సైడ్‌కు ఎంత ఆవేశమో ఫ్లోరైడ్‌కు అంతే. పరిమాణంలో కూడా రెండూ దాదాపు సమానం. స్ఫటిక జాలకంలో ఒకరు లేచిన పీట మీద మరొకరు కూర్చుంటారు. పద్దు చెదరలేదు కనుక అడ్డుచెప్పేవారు లేరు. క్లోరైడ్‌కు కూడా ఒకే ఋణం ఉంది గాని అది పెద్దది, ఆ పీట మీద అంత సులభంగా ఇమడదు. శరీరానికి ఎంతో అవసరమైన ఉప్పులోని క్లోరైడ్ ఎముకను పాడుచేయకపోవడానికి, ఫ్లోరైడ్ పాడుచేయడానికి మధ్యనున్న తేడాలో ఇది ఒకటి.

ఈ మార్పు కొద్దిగా జరిగితే మేలే. పంటిపై పింగాణి వంటి పొర పుల్లని పదార్థాలకు త్వరగా కరగకుండా గట్టిపడుతుంది. టూత్‌పేస్టులలో ఫ్లోరైడ్ చేర్చడం అందుకే. మోతాదు మించి ఏళ్ల తరబడి చేరితే ఎముక పెరిగే తీరే మారుతుంది. ఎముక దళసరి అవుతుంది, కండరాలను, కీళ్లను పట్టి ఉంచే నరాలవంటి పట్టీలలో సున్నం పేరుకుంటుంది, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఋణశేషం లేని ఫార్ములా తప్పు లేనిదని మనం పరీక్షలో మార్కులు వేస్తాం. అది మనిషికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆ పద్దులో కనిపించే విషయం కాదు.

మూడవది నివారణ. సున్నం వేసి ఫ్లోరైడ్‌ను కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దించితే సరిపోదా అని మీకు తోచవచ్చు. సున్నం ఒక్కటే అయితే ఆచరణలో సుమారు 8 మిల్లీగ్రాముల దగ్గరే చతికిలబడుతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వేరొక దారి పట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిని శుద్ధిచేసే ఆ విధానం ప్రపంచమంతటా నల్లగొండ విధానం అనే పేరుతోనే ప్రసిద్ధమైంది. వ్యాధికి పేరుమోసిన ఊరి పేరే చికిత్సకు కూడా దక్కింది.

అందులో జరిగే ప్రధాన చర్యను సమీకరణంగా రాద్దాం. పటికలోని అల్యూమినియం సల్ఫేట్, సున్నంలోని కాల్షియం హైడ్రాక్సైడ్ కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్, కాల్షియం సల్ఫేట్ ఏర్పడతాయి. ముందు ఒక్కొక్కదాని ఫార్ములాను ఆవేశాలు సరిచూసి విడిగా రాసుకోవాలి: ఎఎల్₂(ఎస్‌ఓ₄)₃, సిఎ(ఓహెచ్)₂, ఎఎల్(ఓహెచ్)₃, సిఎఎస్‌ఓ₄. ఆ తరువాతనే రెండు వైపుల పరమాణువులను తుల్యం చేయాలి.

ఎఎల్₂(ఎస్‌ఓ₄)₃ + 3 సిఎ(ఓహెచ్)₂ → 2 ఎఎల్(ఓహెచ్)₃ + 3 సిఎఎస్‌ఓ₄

ఎడమవైపు రెండు అల్యూమినియంలు, మూడు సల్ఫేట్‌లు, మూడు కాల్షియంలు, ఆరు హైడ్రాక్సైడ్‌లు. కుడివైపు కూడా అంతే. తుల్యం చేయడానికి ముందు నిలిపిన పెద్ద అంకెలను మాత్రమే మార్చాం. పాదం దగ్గరి చిన్న అంకెను ముట్టుకోలేదు. పెద్ద అంకె ఎన్ని ఉన్నాయో చెబుతుంది, చిన్న అంకె అది ఏ పదార్థమో చెబుతుంది. సమీకరణం కుదరలేదని చిన్న అంకెను సవరించే విద్యార్థి, చీటీలో మందు మోతాదును మార్చమంటే మందునే మార్చిన కాంపౌండరు వంటివాడు.

బావినీటిలో సహజంగా ఉండే బైకార్బొనేట్ కూడా పటికతో ఇదే పని చేయిస్తుంది. అందువలన సున్నం కొద్దిగానే, సుమారుగా పటికలో ఇరవయ్యో వంతు వేస్తే చాలు. ఏర్పడిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెల్లని మేఘపు తునకలవలె నీటిలో తేలుతుంది. మెల్లగా కలుపుతూ ఉంటే ఆ తునకలు ఒకదానికొకటి అంటుకొని పెద్దవవుతాయి. ఫ్లోరైడ్ వాటి ఉపరితలాన్ని పట్టుకొంటుంది, అక్కడ కూడా కొంతవరకు హైడ్రాక్సైడ్ వదిలిన చోటునే ఆక్రమిస్తుంది. ఎముకలో కీడు చేసిన పోలికే ఇక్కడ మేలు చేస్తున్నది. గంటసేపు కదలకుండా ఉంచితే తునకలు అడుగుకు చేరుతాయి. ఇంటి వాడకానికి 40 లీటర్ల బకెట్టులో, అడుగుకు కొంచెం పైన కుళాయి బిగించి, తేటను మాత్రం పట్టుకొనేవారు. అడుగున మిగిలిన మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది. దానిని బావిగట్టున పారబోస్తే పడిన శ్రమంతా వృథా.

ఈ విధానానికి లోపాలున్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ పటిక చాలా కావాలి, నీటిలో సల్ఫేట్ పెరుగుతుంది, మోతాదు తప్పితే అల్యూమినియం కూడా నీటిలో మిగులుతుంది. ప్రతి రోజూ కొలిచి కలిపే ఓపిక ఇంటింటా ఉండాలి. ఈ కారణాల వలన పలుచోట్ల ఇది నిలదొక్కుకోలేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకం బోరునీటిని శుద్ధి చేయడానికి బదులు కృష్ణానది నీటినే గొట్టాల ద్వారా ఆ గ్రామాలకు చేర్చే దారిని ఎంచుకొన్నది. ఆ నీరు తాగుతూ పెరుగుతున్న పిల్లల పళ్లను, వారి తాతల పళ్లను పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. అయితే పాత బోరునీటితో బిగుసుకుపోయిన కీళ్లు నీరు మారినంత మాత్రాన సడలవు. ఎముకలో ఒకసారి కుదురుకొన్న ఫ్లోరైడ్ ఎన్నో ఏళ్లకు గాని వదలదు, అతుక్కుపోయిన వెన్నుపూసలు విడివడవు.

కఠిన పదాలు

ఋణశేషం = తీరక మిగిలిన అప్పు
గాఢత = ద్రావణంలో కరిగి ఉన్న పదార్థం మోతాదు
జాలకం = స్ఫటికంలో అయాన్ల క్రమబద్ధమైన అమరిక
తుల్యం = సమానం
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలితం
వెరసి = మొత్తం కలిపి

వ్యాకరణం

ఋణావేశం = ఋణ + ఆవేశం, సవర్ణదీర్ఘ సంధి. పోషకాహారం అనే పదాన్ని కూడా ఇలాగే విడదీయండి.
ఋణశేషం = ఋణము యొక్క శేషం, షష్ఠీ తత్పురుష సమాసం. తండ్రీకొడుకులు, స్ఫటిక జాలకం అనే సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, పేర్లు తెలపండి.

అభ్యాసం

1. ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న పరమాణువుకు ధనావేశం ఎందుకు వస్తుందో వ్యాసకర్త ఏ పోలికతో వివరించాడు?
2. హైడ్రాక్సైడ్ స్థానంలో ఫ్లోరైడ్ చేరినా ఎముక ఖనిజపు ఫార్ములాలో ఆవేశాలు ఎందుకు సరిపోతాయి? లెక్క వేసి చూపండి.
3. సున్నం ఒక్కటే వాడి బోరునీటిని తాగదగినదిగా చేయడం సాధ్యం కాదని ఎలా చెప్పగలం?
4. కాల్షియంకు రెండు ధనాలు, ఫాస్ఫేట్‌కు మూడు ఋణాలు. కాల్షియం ఫాస్ఫేట్ ఫార్ములా రాయండి. కుండలీకరణం ఎక్కడ అవసరమో, ఎందుకో రెండు వాక్యాలలో తెలపండి.
5. మీ ఊరి తాగునీరు ఎక్కడినుండి వస్తుందో, దానిని ఏ విధంగా శుద్ధి చేస్తారో విచారించి ఒక పుటకు మించకుండా రాయండి.